పాతిక చదరపు మీటర్ల సాక్ష్యం



ఈ ఖరీఫ్‌లో వరి దిగుబడి హెక్టారుకు ఇన్ని కిలోలు అని ఏటా పేపర్లో ఒక అంకె వస్తుంది. ధాన్యం కొనుగోలు కేంద్రాలు ఎన్ని తెరవాలి, గోనె సంచులు ఎన్ని తెప్పించాలి, గిడ్డంగుల్లో చోటు చాలుతుందా లేదా అన్నవన్నీ ఆ అంకెను చూసే లెక్క వేసుకుంటారు. పంటల బీమా సొమ్ము చేతికి రావడం, రాకపోవడం కూడా ఇలాంటి అంకె మీదే ఆధారపడి ఉంటుంది. లక్షల ఎకరాల పంటను ఎవరూ కాటా మీద పెట్టి తూచలేదు కదా! మరి ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

దానికి జవాబు లెక్కల పుస్తకంలోనే ఉంది, సాంఖ్యక శాస్త్రం అనే అధ్యాయంలో. పదో తరగతి పిల్లలకు అది మార్కులు తేలిగ్గా వచ్చే పాఠం. సూత్రం గుర్తుపెట్టుకుని, పట్టిక గీసి, అంకమధ్యమం కట్టేస్తే ఆ ప్రశ్న అయిపోయినట్టే. పరీక్షకు అది చాలు. కానీ ఆ అధ్యాయం మన దేశంలో పెరిగి పెద్దదైంది పొలాల్లో. ఇవాళ ఆ పొలం వైపు నుంచి దాన్ని చూద్దాం.

బ్రిటిషు వాళ్ల కాలంలో పంట అంచనా కంటిచూపుతోనే నడిచేది. గ్రామోద్యోగి గట్టున నిలబడి చేను చూసి, మామూలు పంటను పదహారణాలుగా లెక్కపెట్టుకుని, ఈ ఏడు పన్నెండణాల పంట, ఈ ఏడు ఎనిమిదణాల పంట అని రాసి పైకి పంపేవాడు. అణావారీ అనేవారు దాన్ని. మామూలు పంట అంటే ఎంత అన్నది మాత్రం ఎవరి మనసులో ఉన్నది వారిదే. ఎక్కువ రాస్తే రైతు మీద శిస్తు పడుతుందేమోనన్న జాలి ఒకరికి, తక్కువ రాస్తే పై అధికారి కోప్పడతాడేమోనన్న భయం ఇంకొకరికి. వేల ఊళ్ల నుంచి అలాంటి అంచనాలు వచ్చి, ఒకదాని మీద ఒకటి పేరుకుని, చివరికి ఒక రాష్ట్రం అంకెగా అచ్చయ్యేవి.

1920లలో బీహారు, ఒరిస్సాలు ఒకే రాష్ట్రంగా ఉన్న రోజుల్లో జాన్ హబ్బాక్ అనే ఐసీఎస్ అధికారి దీన్ని మార్చాలని చూశాడు. తర్వాత 1936లో ఒరిస్సా విడిగా ఏర్పడినప్పుడు దానికి మొదటి గవర్నరైంది ఆయనే. వరి చేలల్లో చిన్న చిన్న ముక్కలు కోయించి తూకం వేయించాడు. ముక్క ఎక్కడ కోయాలన్నది కోసేవాడి ఇష్టానికి వదలకూడదని పట్టుబట్టాడు. ఆ తర్వాత ఈ ఆలోచనను తన భుజాన వేసుకున్నవాడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం పాఠాలు చెప్పేవాడు. 1931లో భారతీయ గణాంక సంస్థను స్థాపించి, 1937 నుంచి బెంగాలులో జనపనార సాగును నమూనాలతో అంచనా కట్టే పని మొదలుపెట్టాడు. ప్రతి మడికీ మనిషిని పంపి లెక్క రాయించడం కంటే ఈ పద్ధతికి ఖర్చు ఎన్నో రెట్లు తక్కువ. ఖర్చు మాట అలా ఉంచండి. అన్ని మళ్లూ చూడాలంటే వేలమందిని పనిలో పెట్టాలి, వాళ్లందరికీ శిక్షణ కుదరదు, అలసిపోయినవాడు చూడని మడిని చూసినట్టు రాసేస్తాడు. కొద్ది మళ్లను బాగా చూడడమే నయమని మహలనోబిస్ వాదన. అంతటితో ఆగలేదు. ఒకే ప్రాంతానికి ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు బృందాలను పంపేవాడు. రెండు అంచనాలూ దగ్గర దగ్గరగా వస్తే సరే. దూరంగా వస్తే, ఎంత దూరం వచ్చాయో ఆ తేడాయే ఈ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చెబుతుంది. తన లెక్కను తానే పరీక్షకు పెట్టుకునే ఈ ఏర్పాటు నాకు ఆయన చేసిన పనులన్నిటిలోకీ గొప్పదిగా కనిపిస్తుంది.

ఇప్పుడు మన ఊళ్లలో జరిగే తీరు చెబుతాను. దీన్ని పంటకోత ప్రయోగం అంటారు. ఊళ్లో వరి వేసిన సర్వే నంబర్లన్నీ ముందు జాబితా రాస్తారు. ఏ నంబరు తీసుకోవాలన్నది యాదృచ్ఛిక సంఖ్యలు తేలుస్తాయి. అంటే లాటరీ తీసినట్టు, ఏ వరసకూ ఎవరి మాటకూ లొంగని సంఖ్యలన్నమాట. మడి తేలాక కోత రోజున దాని నైరుతి మూలన నిలబడతారు. అక్కడి నుంచి పొడవు వెంట ఇన్ని అంగలు, వెడల్పు వెంట ఇన్ని అంగలు నడవమని ఇంకో జత యాదృచ్ఛిక సంఖ్యలు చెబుతాయి. నడిచి ఆగిన చోట మొదటి మేకు పాతుతారు. అక్కడి నుంచి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కొలిచి మిగిలిన మూడు మేకులు దిగ్గొట్టి తాడు కడతారు. గడి పక్కకు ఒరిగితే వైశాల్యం తగ్గిపోతుంది కాబట్టి మూల నుంచి మూలకు కొలిచి చూస్తారు. 7 మీటర్ల 7 సెంటీమీటర్లు రావాలి. పదో తరగతి పిల్లలూ, కాగితం దగ్గరుంటే వేసి చూడండి: 25, 25 కలిపితే 50, దాని వర్గమూలం 7.07. మీరు చదివిన పైథాగరస్ సిద్ధాంతం బురదలో నిలబడి చేసే పని ఇది.

తాడును కంకుల మీదుగా లాగి వదిలేస్తే కుదరదు, మొదళ్ల దాకా దింపాలి. మొదలు లోపల ఉండి వెన్ను బయటికి వాలితే ఆ మొక్క లోపలిదే. మొదలు బయట ఉండి వెన్ను లోపలికి వాలితే ఎంత నిండు వెన్నైనా అది బయటిదే. తర్వాత కోసి, టార్పాలిన్ మీద కొట్టి, తూర్పారబట్టి, తాలు పోగొట్టి, గింజను తూస్తారు. పచ్చి గింజలో తేమ ఉంటుంది కనుక కొంత ధాన్యాన్ని ఎండబెట్టి మళ్లీ తూచి, ఆ తరుగు తీసేస్తారు.

ఆ 25 చదరపు మీటర్లలో 12 కిలోలు వచ్చాయనుకోండి. హెక్టారుకు 10,000 చదరపు మీటర్లు, అంటే ఇలాంటి ముక్కలు 400. కనుక దిగుబడి హెక్టారుకు 4,800 కిలోలు. ఎకరానికి లెక్కవేస్తే సుమారు 162 ముక్కలు, 75 కిలోల బస్తాల్లో దాదాపు 26 బస్తాలు. మరి కాటా దగ్గర అరకిలో అటూ ఇటూ అయితే? ఎకరం లెక్కలోకి వచ్చేసరికి అది 81 కిలోలవుతుంది, ఒక బస్తా పైమాటే. తూకం దగ్గర అధికారులు అంత పట్టుదలగా ఉండేది అందుకే.

తాడు దగ్గర మొదలూ వెన్నూ అంటూ ఇంత పట్టింపు ఎందుకని కొందరికి అనిపించవచ్చు. దీని మీద మన దేశంలోనే పెద్ద వాదం నడిచింది. మహలనోబిస్ చిన్న చిన్న ముక్కలు కోయించేవాడు. వ్యవసాయ గణాంకాలలో ఉద్దండుడైన పాండురంగ్ వి. సుఖాత్మే దానికి ఒప్పుకోలేదు. ముక్క చిన్నదైతే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుందని పొలాల్లో చేసిన ప్రయోగాలతో చూపించి, 1946లో నేచర్ పత్రికలో రాశాడు. ఎందుకంటే, తాడు మీద పడ్డ మొక్కను లోపలికి లాక్కోవాలనే చెయ్యి చూస్తుంది. ఎవరూ కావాలని చేయరు. 1 మీటరు గడికి చుట్టుకొలత 4 మీటర్లు, వైశాల్యం 1 చదరపు మీటరు. 5 మీటర్ల గడికి చుట్టుకొలత 20 మీటర్లు, వైశాల్యం 25. అంటే చిన్న గడిలో చదరపు మీటరుకు 4 మీటర్ల అంచు ఉంటే, పెద్ద గడిలో 80 సెంటీమీటర్లే ఉంటుంది. అంచు తగ్గితే అంచు దగ్గర జరిగే పొరపాటూ తగ్గుతుంది. ఇంకో సంగతి గమనించండి. ఇలాంటి పొరపాటు ఒకే వైపుకు లాగుతుంది. వెయ్యి ముక్కలు కోసినా అది కొట్టుకుపోదు, వెయ్యింటిలోనూ అదే వైపుకు ఉంటుంది. నమూనా పెంచితే అంతా సరిపోతుందనుకునేవాళ్లు ముందు ఈ మాట తెలుసుకోవాలి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా, నమూనా అంటే అదేనని తరచూ చెబుతుంటారు. గిన్నెలో నీళ్లూ మంటా అన్ని గింజలకూ ఇంచుమించు ఒకేలా అందుతాయి కాబట్టి ఒక మెతుకు చాలుతుంది. పొలానికి నీళ్లు అలా అందవు. కాలువ మొదట్లో ఉన్న మడికీ శివారు మడికీ పోలికే ఉండదు. బోరు కింద సాగుకూ చెరువు కింద సాగుకూ తేడా ఉంటుంది. దారి పక్క మడిని చూసి ఊరంతా అలాగే పండిందని రాస్తే శివారు రైతు ఆ లెక్కలో లేనట్టే. చెప్పులు తడవని చోట మేకు పాతడం ఎవరికైనా హాయే. అంకెలు చూపించిన చోట చేను పడిపోయి ఉంటే, ఇక్కడ బాగాలేదులే అని పది అంగలు పక్కకు జరగాలనిపిస్తుంది. ఆ పది అంగలతోనే యాదృచ్ఛికం కాస్తా చేతి ఎంపికగా మారిపోతుంది. కాగితం మీద మాత్రం ఆ తేడా ఎక్కడా కనబడదు.

యాదృచ్ఛికంగా తీసినా, మొక్కలూ మళ్లూ మరీ ఎగుడుదిగుడుగా ఉన్నచోట అదృష్టం ఒక్కోసారి ఒకవైపుకే మొగ్గుతుంది. దానికి మందు, ముందే భూమిని తరగతులుగా విడదీయడం. ఎగువ భూములు ఒక తరగతి, శివారు భూములు ఒక తరగతి, బోర్ల కింద భూములు ఒక తరగతి. ప్రతి తరగతిలోనూ విడిగా లాటరీ తీయాలి. దీన్ని స్తరీకరణ అంటారు. ప్రతి పదో ఇల్లు, ప్రతి ఇరవయ్యో మడి అని వరసగా తీసే పద్ధతి కూడా ఉంది. ఆ వరసలోనే ఏదో ఒక క్రమం దాగి ఉంటే అది మోసం చేస్తుంది. ఇక ఎన్ని తీయాలి అంటారా, నమూనాను నాలుగింతలు చేస్తే గాని అదృష్టం వల్ల వచ్చే తేడా సగానికి దిగదు. ఊరు ఎంత పెద్దదన్నదాని కంటే ఎన్ని కోతలు తీశారు, మళ్ల మధ్య తేడాలు ఎంత ఉన్నాయి అన్నవే ఇక్కడ ముఖ్యం.

ఉన్న వివరాల నుంచి ఎంత కచ్చితమైన అంచనా రాబట్టగలమన్న దానికి ఒక హద్దు ఉందని, ఆ హద్దు ఎక్కడుందో చూపించినవాడు మన తెలుగువాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు, సి.ఆర్. రావుగా లోకానికి తెలిసిన మహానుభావుడు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, 1941లో కలకత్తా వెళ్లి మహలనోబిస్ సంస్థలో చేరాడు. పాతికేళ్ల ప్రాయంలో, 1945లో రాసిన వ్యాసంతో ఆయన పేరు క్రామర్–రావు అసమానత రూపంలో ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 2023లో, 102 ఏళ్ల వయసులో, సాంఖ్యక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకుని, ఆ ఏడాదే ఆగస్టులో కన్నుమూశాడు. సాంఖ్యక శాస్త్రం పాఠం చెప్పే రోజున ఆయన పేరు ప్రతి తెలుగు తరగతి గదిలోనూ వినబడాలని నా కోరిక.

ఇప్పుడు కోసిన ముక్కల సంగతికి వద్దాం. చేతిలో బోలెడు అంకెలున్నాయి, వాటిని ఒక్క మాటలో చెప్పాలి. ఉదాహరణకు ఒక ఊళ్లో తొమ్మిది మళ్లలో కోత తీశారనుకుందాం. ఎకరానికి బస్తాల్లో ఇలా వచ్చాయి: 24, 26, 27, 27, 28, 29, 30, 31. ఇవి ఎనిమిది. తొమ్మిదోది కాలువ చివరి మడి, కంకి పాలు పోసుకునే వేళకు నీళ్లు ఆగిపోయాయి. అక్కడ 3 బస్తాలే.

అన్నీ కలిపితే 225. తొమ్మిదితో భాగిస్తే అంకమధ్యమం 25. చిన్నదాని నుంచి పెద్దదాకా వరస పెడితే సరిగ్గా నడిమిది, అంటే అయిదోది, 27. అది మధ్యగతం. ఎక్కువసార్లు కనిపించిందీ 27 కాబట్టి బాహుళకం కూడా 27. మరి ఈ ఊళ్లో ఎంత పండిందని రాయాలి, 25 అనా, 27 అనా? ఎకరానికి 25 బస్తాలు పండించిన రైతు ఆ తొమ్మిది మందిలో ఒక్కరూ లేరు చూడండి. ఎనిమిది మందికి అంతకంటే ఎక్కువో, ఒక బస్తా తక్కువో వచ్చింది. ఒకరికి దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు.

సమాధానం మనం అడిగిన ప్రశ్నలో ఉంది. ఊళ్లో 900 ఎకరాలున్నాయి, మొత్తం ధాన్యం ఎంత అని అడిగితే అంకమధ్యమమే కావాలి: 22,500 బస్తాలు. మధ్యగతంతో హెచ్చిస్తే 24,300 వస్తుంది, లేని ధాన్యం 1,800 బస్తాలు లెక్కలోకి ఎక్కుతుంది. అదే, ఈ ఊళ్లో మామూలు రైతుకు ఎంత చేతికొచ్చింది అని అడిగితే 27 నిజానికి దగ్గర. ఆ 3 బస్తాల మనిషి సంగతేమిటని అడిగితే ఏ సగటూ నోరు విప్పదు. అందుకే వ్యాప్తి కూడా చెప్పాలి: అత్యధికం 31, అత్యల్పం 3, తేడా 28. పక్క ఊళ్లో 23, 24, 24, 25, 25, 25, 26, 26, 27 వచ్చాయనుకోండి. కలిపి చూడండి, అక్కడా 225, అక్కడా సగటు 25. వ్యాప్తి మాత్రం 4. సగటు ఒక్కటే చదివితే రెండూ ఒకే ఊరిలా కనిపిస్తాయి. పక్క ఊళ్లో అందరూ గట్టెక్కారు, మొదటి ఊళ్లో ఒక కుటుంబం మునిగిపోయింది. ఇంటర్లో నేర్పే ప్రామాణిక విచలనం కూడా ఇలాంటి తేడానే మరింత జాగ్రత్తగా పట్టుకుంటుంది.

దీన్ని బీమాకు పెట్టి చూస్తే విషయం మనసుకు ఇంకా గట్టిగా తాకుతుంది. ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల ప్రకారం ప్రధాన పంటకు గ్రామం యూనిట్‌గా ఉంటే అక్కడ కనీసం 4 పంటకోతలు తీయాలి. ఊరి సగటు, హామీ దిగుబడి కంటే తగ్గితే ఊరికంతటికీ పరిహారం వస్తుంది. మన ఉదాహరణలో హామీ దిగుబడి 24 బస్తాలనుకుందాం. లాటరీలో 26, 27, 28, 30 బస్తాల మళ్లు వచ్చాయా, సగటు 27.75. ఎవరికీ పైసా రాదు. అదే 26కు బదులు ఆ శివారు మడి తగిలిందా, 3, 27, 28, 30 కలిపి 88, సగటు 22. ఊరంతటికీ పరిహారం వస్తుంది. ఊరు ఒకటే, పంట ఒకటే, ఏ అధికారీ తప్పు చేయలేదు. తేడా వచ్చింది కోతలు నాలుగే కావడం వల్ల, మళ్లు అంత ఎగుడుదిగుడుగా ఉండడం వల్ల. శివారు భూములను విడి తరగతిగా తీసి, అక్కడ విడిగా కోతలు తీసి ఉంటే ఈ ఊగిసలాట చాలా తగ్గేది. రైతు సంఘాలు కోతల సంఖ్య పెంచమని, యూనిట్ చిన్నది చేయమని అడిగినప్పుడు, వాళ్లు అడుగుతున్నది సరిగ్గా మన పాఠంలోని మాటే. దాన్ని రాజకీయం అని కొట్టిపారేయడం అన్యాయం.

ఉపాధ్యాయులకు ఒక మనవి చేసి ముగిస్తాను. ఈ అధ్యాయం మొదలుపెట్టే ముందు పిల్లలతో ఒక చిన్న పని చేయించండి. బడికి పిల్లలు ఎంత దూరం నుంచి వస్తున్నారో కనుక్కోవాలి. అందరినీ అడగకుండా నమూనాతో తేల్చాలి. హాజరు పట్టీలోని నంబర్లన్నీ చీటీల మీద రాయించి, డబ్బాలో వేసి బాగా కలిపి ఇరవై తీయించండి. ముందు బెంచీ పిల్లలనో, చెయ్యెత్తినవాళ్లనో అడగనివ్వకండి. వచ్చిన దూరాలకు అంకమధ్యమం, మధ్యగతం రెండూ కట్టించి, అత్యధికం, అత్యల్పం కూడా పలకమీద రాయించండి. చీటీలో నంబరొచ్చిన పిల్ల ఆ రోజు బడికి రాకపోవచ్చు. పక్కనున్నవాడిని అడిగేద్దామని పిల్లలు అంటారు. ఒప్పుకోకండి. బస్సు తప్పిపోయో, వాగు పొంగో రాలేకపోయింది ఎక్కువ దూరం నుంచి వచ్చే పిల్లే అయివుంటుంది. ఆమెను వదిలేస్తే మీ బడి పిల్లలందరూ దగ్గర్లోనే ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఆమె పేరు ఎదురుగా ఖాళీ ఉంచి, వచ్చిన రోజున అడిగి నింపమనండి.